నాంచారమ్మ కాయలు – ఉష్ణనిధి యంత్రం

బళ్ళారి జిల్లాలో ఇకమీదట ఒక్క డిగ్రీ ఎండను కూడా వృథా కానివ్వబోమని ఉష్ణనిధి మండలి అధ్యక్షులు గాదిలింగప్పగారు ప్రకటించారు. ఈ ప్రకటన ఆయన ఏసీ గదిలో చేశారు. విలేకరులం పదకొండుమందిమి రాసుకున్నాం.

వివరాలు మండలి ఇంజినీరు కొట్రేశ్ చెప్పాడు. మిరపకాయలు ఆరబెట్టే యంత్రం ఒకటి తయారైంది. దాని గోడల్లో మైనం ఉంటుంది. పగలు మైనం కరిగి వేడిని దాచుకుంటుంది. ఎండ పోయాక గడ్డకడుతూ ఆ వేడిని కాయలకు వదులుతుంది. అయితే మైనం వేడిని నిదానంగా తీసుకుంటుంది. అందుకని ఇనుప ఆక్సైడ్ నానో కణాలు కలుపుతారు. కలిపితే వేడి మైనమంతా తొందరగా పాకుతుంది.

"నానో అంటే ఎంత సైజు?" అని అడిగాను.

"ఒక్కొక్కటి అయితే కంటికి కనపడదు సార్. డబ్బీలో పోస్తే కనపడ్తాది."

"మన సండూరు గనుల ఇనుమేనప్పా," అన్నారు అధ్యక్షులు. డబ్బీ మీద బెంగళూరు కొరియర్ చీటీ ఉంది.

ప్రయోగానికి దేశనూరులో నాంచారమ్మ కాయలు ఎంపికయ్యాయి. ఆమె కళ్ళం పక్కన అధ్యక్షుల కారు తిప్పుకోవడానికి చోటుంది. కౌలు చేలో ఏడాది పంట, ఎనిమిది బస్తాలు. ఇంకో రెండు ఎండలు తగిలితే బస్తాలకెత్తవచ్చు. వారంలోపు వాన అని ఫోన్లలో వస్తోంది. పచ్చి ఆరని కాయను మూసిపెడితే బూజు పడుతుంది. బూజు పట్టిన కాయను బ్యాడిగి మార్కెట్లో ఎవరూ ముట్టరు.

"ఎండ ఈడే ఉండాది కదప్పా," అంది నాంచారమ్మ. "దాన్ని పెట్టెలోకి ఎక్కించి మళ్ళా దించేది ఏంటికి?"

"ఎండ ఉత్తగా వస్తాదమ్మా," అన్నాడు కొట్రేశ్. "స్టోర్ చేస్తేనే టెక్నాలజీ."

"నా కాయలు చెడిపోతే?"

"రిపోర్టులో చెడిపోలేదమ్మా."

రిపోర్టు నాకూ ఒక కాపీ ఇచ్చాడు. అప్పటికే అచ్చయింది. నానో వల్ల సామర్థ్యం ముప్పై నాలుగు శాతం పెరిగింది.

ప్రారంభోత్సవం మర్నాడు, శుక్రవారమే జరిగింది. మా వైపు పూజ చేయకుండా బోరు మోటారు కూడా ఆన్ చేయరు. నానోకు కూడా పూజ జరగాలని కొట్రేశ్ డబ్బీని పళ్ళెంలో పెట్టాడు. పక్కన కుంకుమ డబ్బీ ఉంది. ఇనుప ఆక్సైడ్ రంగు ఎరుపు. పూజారి చేతికి అందిన డబ్బీ తీసి యంత్రానికి, కారు చక్రాలకు, అధ్యక్షులకు, మా పదకొండుమందికీ బొట్లు పెట్టాడు. ఊరివాళ్ళు వరసగా వచ్చి పెట్టించుకున్నారు. డబ్బీ ఖాళీ అయింది. అధ్యక్షులు రెండో డబ్బీని చప్పట్ల మధ్య కాగుతున్న మైనంలో పోశారు.

కొట్రేశ్ ఆయన చెవి దగ్గరికి వంగాడు. నేను పక్కనే ఉన్నాను.

"సార్, నానో మీ నొసట ఉండాది."

"మరి మైనంలో పోసిందేంది?"

"కుంకుమ సార్."

"రెండూ ఎర్రగానే ఉండాయి కదప్పా?"

"ఉండాయి సార్."

"ఇంగేం ప్రాబ్లెమ్? ఫోటో తీసేది ఆయ్తా?"

"ఆయ్తు సార్."

కాయలు లోపల పెట్టి, తలుపుకు బీగం వేసి, సీలు వేశారు. తాళంచెవి తీసుకుని అధ్యక్షులు బెంగళూరు వెళ్ళారు. ఫలితం అయిదో రోజు విలేకరుల ముందు చూపాలి. మర్నాడు నేను ఫోటో కోసం వెళ్ళేసరికి ఊరందరి కాయలూ కళ్ళాల్లో ఎండుతున్నాయి. నాంచారమ్మ యంత్రం గోడకు చెయ్యి ఆనించి ఫోన్లో మాట్లాడుతోంది.

"గోడ సల్లగుండాది కొట్రేశప్పా. లోపల కాయ చెమట పడ్తాంటాది. బీగం తీయప్పా."

"ప్రోటోకాల్ అమ్మా. సార్ వచ్చినాకే తీయాల."

"నా కాయలకి ప్రోటోకాల్ తెలీదు కదప్పా."

"తెలియజెయ్యమ్మా," అని అతను ఫోన్ పెట్టేశాడు.

నాలుగో రోజు వాన కురిసింది. అయిదో రోజు అధ్యక్షులు వచ్చి, నానో యుగం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడి, సీలు తీసి తలుపు తెరిచారు.

ట్రేలు ఖాళీగా ఉన్నాయి. తొడిమ కూడా లేదు.

"కాయలు యాడమ్మా?" అన్నారు అధ్యక్షులు.

నాంచారమ్మ కొంగు వేలికి చుట్టుకుంది. "బ్యాడిగికి పోయినాయప్పా."

"ఎట్ల పోయినాయి?"

ఆమె యంత్రం వెనక్కి చూపించింది. దుమ్ము తుడిచే మనిషి కోసం అక్కడ చిన్న తలుపుంది. దానికి బీగం వేయాలని ఎవరికీ గుర్తురాలేదు. "రెండో దినమే తీసి ఎండకి పోసినా. వాన రాకముందే ఎత్తినా. తప్పయితే స్టేషన్‌కి పోతా. కాయలు మాత్రం వాపసు రావు."

"ఎండినాయా?"

"గలగలమన్నాయి."

అధ్యక్షులు ఖాళీ ట్రే ఒకటి బయటికి లాగారు. "కొట్రేశ్, తేమ మీటర్ పెట్టప్పా."

ఆ మీటరు ముల్లును కాయకు గుచ్చాలి. కొట్రేశ్ గాలికి గుచ్చాడు. "తేమ సున్నా సార్."

అధ్యక్షులు మావైపు తిరిగారు. "రాసుకోండప్పా."

రాసుకున్నాం. నాంచారమ్మకు శాలువా కప్పారు. వచ్చే ఏడాది జిల్లాలో మిరప వేసే ప్రతి ఊరికీ ఇలాంటి యంత్రం ఇస్తామని అధ్యక్షులు ప్రకటించారు.

"అన్నిటికీ ఎనక తలుపు పెడ్తారు కదప్పా?" అని అడిగింది నాంచారమ్మ.

అధ్యక్షులు కొట్రేశ్ వైపు చూశారు.

"డిజైన్‌లోనే ఉండాది సార్," అన్నాడు కొట్రేశ్.