జనరేటరు మీద ఫిర్యాదులు లేవు

కొత్త రకం ఇంధనాల్లోని లోపాలను తూచి చెప్పడానికి అపార్టుమెంటు సంక్షేమ సంఘం నియమించిన ఉపసంఘం తన బాధ్యతను విజయవంతంగా పూర్తిచేసింది. ఎండలో, గాలిలో, చెత్తలో లోపాలున్నట్టు నిర్ధారణ అయింది. డీజిల్ జనరేటరులో మాత్రం ఏ లోపమూ బయటపడలేదు. దాన్ని ఎవరూ పరిశీలించకపోవడమే ఇందుకు కారణమని గిట్టనివాళ్లు కొందరు అంటున్నారు. అది నిజమే. కానీ పరిశీలించాల్సినవి కొత్తవి. జనరేటరు పాతది. పాతవాటికి అలవాట్లుంటాయి గాని లోపాలుండవు.

ఉపసంఘం కన్వీనరు తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైన ఇన్‌స్పెక్టరు. ఉద్యోగకాలమంతా కొట్లలో తక్కెడలు పరీక్షించడంతోనే గడిచింది కనుక ఆయన్ని అందరూ తక్కెడగారు అనే పిలుస్తారు. అపార్టుమెంటులో ఏ తగువు వచ్చినా తూకం ఆయన చేతికే ఇస్తారు. ఆయన ఎవరి పక్షమూ వహించరు. ఇంట్లో తల్లికీ భార్యకీ మాటామాటా వచ్చినప్పుడు కూడా బాల్కనీలోకి వెళ్లి నిలబడతారు. గెలిచిన వాళ్లు పిలిస్తే లోపలికి వస్తారు.

తక్కెడగారిది కింది అంతస్తు. తల్లి గది కిటికీ జనరేటరు షెడ్డు వైపు ఉంది. సాయంత్రం దీపాలు పెట్టేవేళకు కరెంటు పోతుంది, జనరేటరు మొదలవుతుంది, దానితోపాటే పెద్దావిడ దగ్గూ మొదలవుతుంది. కిటికీ మూస్తే గాలాడదు. తెరిస్తే పొగ. ఆవిడ ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని మంచం మీద కూర్చుంటుంది. పొగ తగలనివ్వొద్దని, ఇలాగే ఉంటే ఇంకో చలికాలం గట్టెక్కడం కష్టమని డాక్టరు తక్కెడగారిని పక్కకు పిలిచి చెప్పాడు. తక్కెడగారు సావధానంగా విన్నారు.

"మీటింగులో అత్తయ్య దగ్గు సంగతి కూడా చెప్పండి," అంది భార్య.

"సొంత తల్లి దగ్గును తూకంలో వెయ్యడం న్యాయం కాదు. పక్షపాతం అంటారు."

"పక్కింటావిడ దగ్గితే వేస్తారా?"

"తప్పకుండా వేస్తాను. ఆవిడ దగ్గడం లేదుగా మరి!"

మొదటి సమావేశం జనరేటరు వెలుగులో జరిగింది. పొగ రాకుండా కిటికీలు మూశారు. చప్పుడులో వినపడదు కనుక సంఘం అధ్యక్షుడు అరిచి ప్రసంగించాడు.

"మిత్రులారా! మనం పర్యావరణానికి వ్యతిరేకులం కాము! నేనైతే పచ్చరంగు చూస్తేనే పులకించిపోతాను! కానీ వచ్చినదాన్నల్లా నెత్తికెత్తుకుంటే రేపు మన పిల్లలు మనల్ని క్షమిస్తారా?"

పొగ గొంతులోకి వెళ్లడంతో ఆ ప్రశ్నకు జవాబు ఆయన చెప్పలేకపోయాడు.

ముందు సౌర ఫలకాలు విచారణకు వచ్చాయి. రాత్రిపూట సూర్యుడు ఉండడని రెండో అంతస్తులో ఉండే పళ్ల డాక్టరమ్మ సభ దృష్టికి తెచ్చింది. ముసురు పట్టినప్పుడు కరెంటు తగ్గిపోతుందని ఇంకొకరు అన్నారు. బ్యాటరీల్లో వాడే లోహాల కోసం ఎక్కడో కొండలు తవ్వుతున్నారని, ఫలకాలు పాతబడ్డాక ఆ చెత్త ఎక్కడ పారెయ్యాలో తెలియదని తక్కెడగారు స్వయంగా చెప్పారు. ఇవన్నీ నిజాలే. డీజిల్ ఎక్కడ తవ్వుతున్నారని ఎవరూ అడగలేదు. డీజిల్ డబ్బాలో వస్తుందని అందరికీ తెలుసు.

తర్వాత గాలిమర. దాని రెక్కలు తగిలి పక్షులు చచ్చిపోతాయని తెలిసి సభ చలించిపోయింది. పావురాలు వాలకుండా బాల్కనీ నిండా మేకుల పట్టీలు బిగించుకున్న అధ్యక్షుడు, చనిపోబోయే పక్షుల ఆత్మశాంతి కోసం లేచి నిలబడి మౌనం పాటించాడు. చివరిగా చెత్త నుంచి గ్యాసు తీసే యంత్రం. దానికోసం తడిచెత్త, పొడిచెత్త వేరుచేయాలట. తమ ఇంట్లో ఏం మిగిలిందో నలుగురికీ తెలియడం పరువుకు సంబంధించిన విషయమని సభ ఏకగ్రీవంగా భావించింది.

అక్కడితో ముగిసిపోవలసిందే. కానీ సౌర ఫలకాల దుకాణం యజమాని, నచ్చితేనే ఉంచుకోండని, ప్రయోగాత్మకంగా ఉచితంగా బిగించి చూపిస్తానని వచ్చాడు. ఉచితం అన్న మాటలో ఏ లోపమూ కనబడకపోవడంతో సంఘం ఒప్పుకుంది. డాబా మీద ఫలకాలు, మెట్ల కింద బ్యాటరీలు వెలిశాయి. జనరేటరుకు గోనెపట్టా కప్పారు.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. దీపాలు ఆరలేదు. ఫ్యాన్లు ఆగలేదు. చప్పుడు కూడా లేదు.

"ఏరా, ఏదో చెడిపోయినట్టుంది చూడు. ఇంత హాయిగా ఉందేమిటి?" అంది పెద్దావిడ. లేచి వెళ్లి కిటికీ రెక్కలు రెండూ తెరిచింది.

అపార్టుమెంటు కట్టిన నాటినుంచి ఎవరూ ఎరగని లోపం ఒకటి అప్పుడు బయటపడింది. గోడలు పలచన. అందరూ ఇళ్లు చేరి నోళ్లు విప్పే ఆ వేళకు ఇన్నాళ్లూ జనరేటరు చప్పుడు అడ్డుండేది.

మూడో అంతస్తులో అధ్యక్షుడి భార్య గొంతు తక్కిన అంతస్తులన్నిటికీ వినపడింది. "ఆ జుట్టుకు రంగేసుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను? దిండు చూడండి, బొగ్గుబస్తాలా ఉంది! పచ్చరంగు చూస్తే పులకించిపోతారటగా, అదే పూసుకోండి పోనీ!" రెండో అంతస్తులోంచి పళ్ల డాక్టరమ్మ మూలుగు వినిపించింది. "పన్ను పీకేస్తోందండీ, చచ్చిపోతున్నాను. వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మన వీధిలో మాత్రం వద్దు!"

పెద్దావిడ కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుంది. "టీవీ కట్టెయ్యవే అమ్మాయ్," అంది కోడలితో. "ఇదే బాగుంది. పైన మూడో అంతస్తు వాళ్లిద్దరూ ఇవాళ మళ్లీ మాట్లాడుకుంటారో లేదో చూడాలి."

వారం తిరక్కుండానే ఆవిడ దగ్గు నెమ్మదించింది. ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. ఒకరోజు గేటుదాకా నడిచివెళ్లి, కొళాయి బాగుచేసేవాడితో గొడవ పెట్టుకుని వచ్చింది. భార్య ఆ సంగతి చెబితే తక్కెడగారు ప్రయోగంలో ఉన్న ఫలితాలపై ముందుగా అభిప్రాయం ప్రకటించకూడదని అన్నారు.

భార్యకు ఒళ్లు మండింది.

"తక్కెడ పట్టుకుని తిరగడమేగాని ఒక్కసారైనా ఒక పక్కకి మొగ్గారా మీరు? కన్నతల్లికి ఊపిరాడటం లేదంటే, ఊపిరి వాదన కూడా వినాలంటారు! నాతో పెళ్లికైనా మీ అంతట మీరు ఒప్పుకున్నారా, తూకం తేలలేదని ఊరుకున్నారా?"

తక్కెడగారు జవాబు చెప్పలేదు. ఆ చెప్పకపోవడం కూడా పైన అన్ని అంతస్తులకూ వినపడింది. మర్నాడు మెట్ల దగ్గర పళ్ల డాక్టరమ్మ చెంప పట్టుకునే ఆయన్ని చూసి నవ్వింది.

సర్వసభ్య సమావేశంలో అధ్యక్షుడు టోపీ పెట్టుకుని మాట్లాడాడు. "మిత్రులారా! సౌర విద్యుత్తుకు శాస్త్రజ్ఞులు సైతం గుర్తించని లోపం ఒకటుంది. అది చప్పుడు చెయ్యదు! చప్పుడు లేనిచోట సంసారాలు నిలుస్తాయా?" ఓటింగు పెట్టారు. ఒంటరిగా ఉండేవాళ్లందరూ ఎండ వైపు, సంసారులందరూ జనరేటరు వైపు చేతులెత్తారు. చెరి సమానంగా వచ్చాయి. నిర్ణయించే ఓటు కన్వీనరుది.

తక్కెడగారు లేచారు. ఎదురుగా భార్య కూర్చుని ఉంది. ఆయనకు తల్లి గేటుదాకా నడిచిన సంగతి గుర్తొచ్చింది. పళ్ల డాక్టరమ్మ నవ్వూ గుర్తొచ్చింది. రెండూ తూచారు.

"సౌర విద్యుత్తు వల్ల మా అమ్మకు మేలు జరిగింది," అన్నారు. "అందుచేత ఆ వైపు ఓటు వేసే నైతిక హక్కు నాకు లేదు. స్వార్థం అనిపించుకోలేను. జనరేటరుకే వేస్తున్నాను."

చప్పట్లు మోగాయి. ఇలాంటి నిష్పక్షపాతాన్ని ఈ రోజుల్లో చూడలేమని సంసారులు కళ్లు తుడుచుకున్నారు. భార్య లేచి వెళ్లిపోయింది.

తీర్మానం ఈ విధంగా ఆమోదం పొందింది. ఫలకాలను తీసేయనక్కర్లేదు. గేటు మీద 'ఇది హరిత భవనం' అని బోర్డు పెట్టి, దానికి దీపం వెలిగించడానికి వాటిని ఉపయోగించాలి. జనరేటరు ఇకపై కరెంటు ఉన్నా, పోయినా సాయంత్రం నుంచి అందరూ పడుకునేదాకా నడవాలి. కుటుంబ గౌరవ పరిరక్షణ నిమిత్తం.

ఆ సాయంత్రం కరెంటు పోలేదు. గోనెపట్టా తీసి జనరేటరు నడిపారు.

"మళ్లీ మొదలెట్టారా?" అంది పెద్దావిడ కిటికీ దగ్గరి కుర్చీలోంచి. "పైవాళ్లు మాట్లాడుకున్నారో లేదో తెలీనే లేదు కదరా." ఇంకేదో అనబోయింది. దగ్గు వచ్చింది. కోడలు వచ్చి కిటికీ మూసి, తువ్వాలు ఇచ్చి, భర్త వైపు తిరిగి ఏదో అంది. తక్కెడగారు బాల్కనీలో నిలబడి ఉన్నారు. ఆయనకు వినపడలేదు.

అప్పటినుంచి ఆ భవనంలో అందరూ సుఖంగా ఉన్నారు. ఎవరి దగ్గూ ఎవరికీ వినిపించడం లేదు. మీకుగాని వినిపిస్తే దయచేసి సంఘానికి తెలియజేయండి. ఇంకాస్త పెద్ద జనరేటరు తెప్పించే ఏర్పాటు చేస్తారు.