నమూనా చెట్టు

మా క్రుష్నే పర్వతాల అడవి సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నది! ఈ శుభవార్త అడవికి తప్ప అందరికీ తెలుసు.

ప్రకటించింది మా అటవీ పరిశోధన కేంద్రం. అక్కడ సూదులు లెక్కపెట్టే ఉద్యోగం నాది. నవ్వకండి. విద్యుత్ కేంద్రం పొగ సోకితే స్ప్రూస్ చెట్ల సూదాకులు రాలిపోతాయి. ఏటా ఆగస్టులో మెడలో బైనాక్యులర్స్ వేసుకుని, చెట్టుచెట్టు కిందా నిలబడి, ఉండవలసిన సూదుల్లో నూటికి ఎన్ని రాలాయో నేను అంచనా కట్టాలి. పాతిక దాటితే అడవికి జబ్బు. ఆ లోపైతే ఆరోగ్యం.

అడవికి జబ్బని తేలితే ఆ ఊరి పిల్లల్ని చలికాలంలో నెల రోజులు మంచి గాలి ఉన్న చోటికి పంపి అక్కడే చదువు చెప్పిస్తారు. ప్రకృతి బడి అంటాం దాన్ని. మా అమ్మాయి ఇలోంకాకి ఏడేళ్ళు. కిందటి శీతాకాలం పట్టుకున్న దగ్గు వేసవికీ వదల్లేదు. కాబట్టి ఆ ఏడాది మహా శ్రద్ధగా లెక్కపెట్టాను. నూటికి నలభై రాలాయి. ఏడవాలో సంతోషించాలో తెలియక సంతోషించాను.

మా డైరెక్టర్ ఇంజనీర్ వోబోర్నిక్ గారి కాపురం రాజధాని ప్రాగ్‌లో. వారానికి మూడు రోజులు ఇక్కడికి వచ్చి అడవిని ఉద్ధరించి వెళ్తారు. నా కాగితం చూసి కళ్ళజోడు తీశారు.

"నలభయ్యా? దేంతో పోల్చావు కామ్రేడ్ ద్రాహోమీరా?"

"లోయ అవతల నిండుగా ఉన్న చెట్టుతోనండీ. మన నమూనా చెట్టు అదేగా."

"రూలు చదువు. 'ప్రాంతానికి తగిన చెట్టు' అని ఉంది. మన ప్రాంతానికి తగింది ఏది?" అంటూ కిటికీలోంచి వేలు చూపించారు. విద్యుత్ కేంద్రం పొగగొట్టాలకి ఎదురుగా ఏడు బోడి కొమ్మలతో ఒకటి నిలబడి ఉంది.

"అదా? అది పోయి రెండేళ్ళయిందండీ."

"పోతే పోయింది. నిలబడే ఉందిగా."

దాంతో పోలిస్తే అడవిలో ప్రతి చెట్టూ పెళ్ళికొడుకే. లెక్క ప్రకారం రాలినవి పోగా, అన్నింటికీ ఉండవలసిన వాటికన్నా ఎక్కువే సూదులు తేలాయి. అది మరీ గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందని డైరెక్టర్ గారు వినయంగా 'రాలినవి సున్నా' అని వేయించారు.

నివేదిక ప్రాగ్ వెళ్ళింది. మా పిల్లల ప్రకృతి బడి రద్దయింది. పంతులమ్మ మిలుషే రొట్టెల కొట్టు దగ్గర నన్ను నిలదీసింది.

"సూదులు చూసేది నువ్వేగా ద్రాహా? మీ పిల్ల దగ్గుకి క్లాసులో నా మాట నాకే వినపడదు. అలా రాయడానికి నీకు చేతులెలా వచ్చాయే?"

"అడవికి బాగానే ఉందట."

"అయితే ఆ అడవినే తెచ్చి బెంచీ మీద కూచోబెట్టు. పాఠం చెప్తా."

నాకు సిగ్గేసింది. రొట్టె కొనకుండానే ఇంటికి పోయాను.

నవంబరులో ప్రాగ్ నుంచి ఉత్తరం వచ్చింది. అభినందనలు. ఇంత ఆరోగ్యమైన అడవి దేశంలో మరొకటి లేదు గనుక, ఈ చలికాలం రాజధాని పిల్లల ప్రకృతి బడి ఇక్కడే జరుగును. వచ్చువారు అరవై మంది. జాబితాలో మూడో పేరు రదోవాన్ వోబోర్నిక్, వయసు తొమ్మిది.

కొడుకు పేరు చదివి డైరెక్టర్ గారు కుర్చీలో కూలబడ్డారు. అప్పటికే కూర్చుని ఉన్నారు, అయినా కూలబడ్డారు. ఇంతలో ఫోను మోగింది. అవతల భార్య. ఆవిడ గొంతు నా బల్ల దాకా వినిపించింది.

"మళ్ళీ కొలవాలి," అన్నారు రిసీవరు చేత్తో మూసి.

"మంచు పడుతోందండీ."

"ఇక్కణ్ణించే కొలుద్దాం." గోడ మీది క్యాలెండర్ దించారు. తాత్రా పర్వతాల స్ప్రూస్ చెట్టు, పేజీ నిండా పచ్చగా. "దీంతో పోల్చు."

దాంతో పోలిస్తే నూటికి డెబ్బై! పది నిమిషాల్లో అడవి అడవంతా మంచాన పడింది.

"ఇది ప్రాగ్‌కి. జిల్లా ఆఫీసుకి మాత్రం పాతదే టైపు కొట్టు, ఆరోగ్యమని. ఈ ఊరి పిల్లల్ని పంపే ఖర్చు జిల్లావాళ్ళది, నన్ను సంజాయిషీ అడుగుతారు."

"రెండూ ఒకే అడవి కదండీ?"

"అడవి ఒకటే. పిల్లలు వేరు."

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు కాగితాల మధ్య కార్బన్ పెట్టి ఆ డెబ్బై లెక్కనే టైపు చేశాను. ఫోనులో భార్యని బతిమాలుకుంటూ, చదవకుండానే రెండింటి మీదా సంతకం పెట్టారాయన. ఒకటి ప్రాగ్‌కి, ఒకటి జిల్లాకి, నా చేతులతో నేనే పోస్టు చేశాను.

రాజధాని పిల్లలు రాలేదు. జనవరిలో మా పిల్లలు రైలెక్కారు. అడవి జబ్బుని దాచకుండా బయటపెట్టిన ధైర్యశాలి అని జిల్లావాళ్ళు డైరెక్టర్ గారిని మెచ్చుకుని, స్టేషన్లో మైకు ఇచ్చారు.

"వీళ్ళు నా సొంత పిల్లలు," అన్నారాయన, గొంతు వణికిస్తూ.

ఇలోంకా కిటికీలోంచి తల బయటపెట్టింది. "మరి మీ ఇంట్లో పిల్లలు ఎక్కలేదేం, కామ్రేడ్ డైరెక్టర్ గారూ?"

ఆయన వంగి ముద్దుగా చెప్పారు. "వాళ్ళకెందుకమ్మా? వాళ్ళు ఇక్కడి గాలి పీల్చరుగా."

మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది, ఆ మాట స్టేషనంతా మోగింది. ప్లాట్‌ఫారం మీద ఎవరూ చప్పట్లు కొట్టలేదు.