రూపకర్తకు రబ్బరు ముద్ర

లోకంలో ఏది శాస్త్రమో ఏది కాదో తేల్చే అధికారం ప్రకృతికి లేదు. పండితులకు అసలే లేదు. అది రెండో అంతస్తులో, పాడైపోయిన లిఫ్టుకు ఎదురుగా ఉన్న శాస్త్ర గుర్తింపు కార్యాలయానికి మాత్రమే ఉంది. సూర్యుడు రోజూ తూర్పున ఉదయించడం కూడా ఆ కార్యాలయం అనుమతితోనే జరుగుతోంది (అనుమతి తాత్కాలికం, ఏటా పొడిగించుకోవాలి).

కార్యాలయంలో మూడు కిటికీలు. మొదటిది శాస్త్రం. రెండోది నమ్మకం. మూడోది ఇతరములు; కలలు, జోస్యాలు, వారంలో నడుము సన్నబరిచే పొడులు అక్కడికి వెళ్తాయి.

మొదటి కిటికీ వెనక కూర్చునే గుమాస్తాకు కొత్తగా పెళ్ళయింది. నెల దాటినా అందరూ ఆమెను పెళ్ళికూతురనే పిలుస్తారు. ఆమెకూ అది బాగానే ఉంది. నిజానికి ఆ రోజుల్లో ఆమెకు బాగుండనిదంటూ ఏదీ లేదు. ముద్ర సరిగ్గా గడి మధ్యలో పడితే సంబరం. టిఫిను డబ్బాలో భర్త దాచిన చాక్లెట్టు కరిగి అన్నానికి అంటుకుంటే ఇంకా సంబరం. ఇంట్లో ఒకే గ్లాసులో పక్కపక్కనే నిలబడ్డ రెండు టూత్‌బ్రష్‌లు గుర్తొస్తే ఫైళ్ళ మధ్య తనలో తను నవ్వుకునేది. ఆ నవ్వు చూసి అర్జీదారులు తమ సిద్ధాంతం మీద నమ్మకం కోల్పోయేవారు.

శుక్రవారం సాయంత్రం రైలుకు ఆ ఇద్దరూ కొండ మీది ఊరికి బయల్దేరాలి. పెళ్ళయ్యాక మొదటి ప్రయాణం. సెలవుకు ఒకటే అడ్డు: బల్ల మీద ఫైలుండగా బల్ల వెనక మనిషి లేకపోవడం నిబంధనలకు విరుద్ధం (మనిషి ఉండి నిద్రపోవచ్చు). సోమవారం పొద్దుటికి ఆమె బల్ల అద్దంలా మెరుస్తోంది. పదకొండింటికి దాని మీద ఒక ఫైలు వచ్చి పడింది.

తెచ్చినాయన ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, మెత్తటి మాట. తెలివైన రూపకర్త సంఘానికి కార్యదర్శి. జీవం పుట్టుక వెనక ఒక తెలివైన రూపకర్త ఉన్నాడని, అది శాస్త్రమేనని ముద్ర వేయించుకోవడానికి వచ్చాడు.

"కన్ను చూడు తల్లీ," అన్నాడు కిటికీలోంచి తన కన్నే దగ్గరగా పెట్టి. "ఎంత చిక్కు పని! దానంతట అదే అయిందంటే చెవిలో పువ్వు పెట్టినట్టు కాదూ?"

"బాగుంది బాబాయ్ గారూ. రూపకర్త పేరు?"

"అది మేం చెప్పం."

"ఎలా చేశారు?"

"అది మాకు తెలీదు."

"ఎప్పుడు చేశారు?"

"దాని మీద మా సంఘంలోనే రెండు వర్గాలున్నాయి. మాట్లాడుకోవడం మానేశాం."

ఆమె అన్నీ అర్జీ గళ్ళలో రాసుకుంది. కార్యాలయం మర్యాద ప్రకారం అజ్ఞానం దోషం కాదు; గడి ఖాళీగా ఉండటమే దోషం. అందుకే చివరి ప్రశ్న దగ్గర ఆమె పెన్ను ఆగింది. ఏం కనిపిస్తే మీ సిద్ధాంతం తప్పని మీరే ఒప్పుకుంటారు?

ఆ ప్రశ్నే మొదటి కిటికీకి ప్రాణం. క్రితం నెల ఒక టైలరమ్మ వచ్చి, చీమలు గోడెక్కిన మర్నాడు వాన పడుతుందని నమోదు చేయించింది. చివరి గడిలో, "చీమలెక్కినా వాన పడకపోతే నేను ఒప్పేసుకుంటా, నాకేం పోయింది" అని రాసింది. వెంటనే ముద్ర పడింది. మర్నాడు చీమలెక్కాయి, ఎండ కాసింది. టైలరమ్మే మళ్ళీ మెట్లెక్కి వచ్చి, తన సిద్ధాంతాన్ని సగౌరవంగా తప్పిన శాస్త్రాల బీరువాలో పెట్టించి వెళ్ళింది. కార్యాలయంలో అన్నిటికన్నా పెద్ద బీరువా అదే. మహామహుల సిద్ధాంతాలు అందులో నాఫ్తలీన్ ఉండల మధ్య ప్రశాంతంగా ఉన్నాయి.

"ఈ గడి వదిలేశారు బాబాయ్ గారూ."

"వదల్లేదు తల్లీ. మాది తప్పయ్యే అవకాశమే లేదు. బాగున్నదాన్ని చూస్తే ఆయన తెలివి. బాగోలేనిదాన్ని చూస్తే అది మనకందని తెలివి. ఎటు తిప్పినా మాదే గెలుపు."

"మరి రెండో కిటికీలో ఇస్తే వెంటనే తీసుకుంటారు. అక్కడ ఈ ప్రశ్నే ఉండదు. లైనూ చిన్నదే."

ఆయన గొంతు తగ్గించాడు. "బడి పుస్తకంలో సైన్సు పాఠంగా ఎక్కాలంటే ఈ కిటికీ ముద్రే కావాలట తల్లీ. పాఠం రాసి పెట్టుకున్నాం. బొమ్మలు కూడా వేయించాం."

ఆమె ఫైలు తీసుకుని సూపరింటెండెంటు గదికి వెళ్ళింది. ఆయన ఫైలును చేతిలో పెట్టుకుని బరువు చూశాడు. కుట్టు చూశాడు.

"ముచ్చటగా ఉంది. సంతకం పెట్టెయ్యి పెళ్ళికూతురా, రైలెక్కెయ్."

"చివరి గడి ఖాళీ సార్."

"ఖాళీగా ఉన్నది తప్పెలా అవుతుందమ్మా? రాస్తే కదా తప్పో ఒప్పో."

"అదే సార్ గొడవ. తప్పయ్యే దారి లేనిదానికి ఒప్పయ్యే దారి కూడా లేదు."

సూపరింటెండెంటు ఆమె వైపు జాలిగా చూశాడు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఇలాగే మాట్లాడతారని ఆయన అనుభవం.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె గోడు వెళ్ళబోసుకుంది. అత్తగారు ఉన్నప్పుడు భర్తను మీరు అంటుంది, లేనప్పుడు నువ్వు. అత్తగారికి ఈ సంగతి పెళ్ళయిన మర్నాడే తెలుసు.

"మీరైనా చెప్పండి, సంతకం పెట్టెయ్యనా?"

భర్త పళ్ళ డాక్టరు. నోట్లో ముద్ద పెట్టుకునే ప్రతి మనిషినీ ఆప్యాయంగా చూసే అలవాటు. "నాకైతే ఆ రూపకర్త అడ్రసు కావాలోయ్. నోట్లో చోటు లేకపోయినా చివర జ్ఞానదంతం పెట్టాడే, ఆ మహానుభావుడి కాళ్ళకు మొక్కాలి. నా క్లినిక్ నడిచేదే ఆయన పుణ్యాన."

"నీ మొహం," అంది అత్తగారు మోకాలు రుద్దుకుంటూ. "నేను పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుంటానా? ఏనాడైనా ఆయన్ను ఏ ఆఫీసుదైనా ముద్ర చూపించమన్నానా? దేవుడికి మీ రెండో అంతస్తు ఎందుకమ్మా? లిఫ్టు కూడా పనిచెయ్యదు."

కోడలికి అత్తగారిని కావలించుకోవాలనిపించింది. చెయ్యి ఎంగిలి కావడంతో ఊరుకుంది.

గురువారం వచ్చేసింది. మూడు రోజుల్లో తేలని ఫైలుకు తాత్కాలిక గుర్తింపు దానంతట అదే పుట్టుకొస్తుందని నిబంధన (ఏదీ దానంతట అది పుట్టదని వాదించే ఫైలుకే ఇది వర్తించడం యాదృచ్ఛికం). తాత్కాలికమంటే ఫైలు బల్ల దిగదు, కాని సిద్ధాంతం అమల్లోకి వస్తుంది. సిద్ధాంతం అమల్లోకి వచ్చిన గంటకు ఇంకో శాఖ నుంచి తాఖీదు వచ్చింది. మనిషి శరీరానికి రూపకర్త ఉన్నట్టు ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కినందున, ఇకపై శరీరం తయారీ వస్తువుగా పరిగణించబడుతుంది. వస్తువులో లోపాలపై ఫిర్యాదులను రూపకర్త స్థానిక ప్రతినిధి స్వీకరించాలి. ప్రతినిధి చిరునామా ఫైల్లో ఉంది. ఇస్త్రీ చొక్కా కార్యదర్శిది.

మధ్యాహ్నానికి లైను మెట్ల మీదుగా వీధిలోకి దిగింది. ఆయన్ని ఒక స్టూలు మీద కూర్చోబెట్టారు.

"గాలి గొట్టం, అన్నం గొట్టం పక్కపక్కనే ఎందుకు పెట్టారండీ? నవ్వుతూ తింటే పొలమారి చచ్చేట్టున్నాను," అంది ఒక టీచరమ్మ.

"అది... ఆయన ఉద్దేశం..."

"నా జుట్టు నెత్తి మీద ఊడి చెవుల్లో మొలుస్తోంది. డెలివరీ తప్పు అడ్రసుకు వచ్చింది. మార్చి ఇప్పించండి," అన్నాడు ఒక బస్సు కండక్టరు.

"నడుము బాబూ! నిలువుగా నడిచేవాడికి ఈ నడుమేంటి?"

సంచీలో మజ్జిగ సీసాతో అత్తగారు కూడా వచ్చింది. మోకాళ్ళ గురించి కాదట, కోడలిని చూసిపోదామనట. అయినా లైన్లో నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి కార్యదర్శి చొక్కా ముడతలు పడి, దువ్విన తల చెదిరి ఉంది.

"నాకు మోకాళ్ళ గొడవేం లేదులే నాయనా," అంది ఆమె ఆయన ముందు మజ్జిగ గ్లాసు పెట్టి. "మా దేవుడి మీద ఫిర్యాదులుంటే నేను నేరుగా ఆయనతోనే పోట్లాడతా. మధ్యలో నువ్వెందుకు నలిగిపోవడం? తాగు."

ఆయన గటగటా తాగాడు. పొలమారింది. వెనక నుంచి టీచరమ్మ, "చూశారా!" అని అరిచింది.

శుక్రవారం సాయంత్రం. లైను చెదిరిపోయింది. రైలుకు ఇంకా కాస్త సమయం ఉంది. కింద వీధిలో పళ్ళ డాక్టరు పెట్టె మీద కూర్చుని, రెండో అంతస్తు కిటికీ వైపు చూస్తూ, దారిన పోయేవాళ్ళ పళ్ళు లెక్కపెడుతున్నాడు. ఫైలు మాత్రం బల్ల మీదే ఉంది. కార్యదర్శి స్టూలు మీదే ఉన్నాడు.

"కొంచెం ఫ్యాను వేయిస్తావా తల్లీ?"

"స్విచ్చు పక్క గదిలో ఉంది బాబాయ్ గారూ. పక్క గది తాళం మూడో కిటికీ దగ్గరుంటుంది. మూడో కిటికీకి వెళ్ళాలంటే బయటికెళ్ళి చుట్టూ తిరిగి రావాలి."

"తలుపుందిగా?"

"అది సగమే తెరుచుకుంటుంది. వెనక బీరువా అడ్డం. బీరువా జరుపుదామంటే దాని కాళ్ళు సిమెంటులో ఉన్నాయి. నేల తర్వాత వేశారు."

"మంచినీళ్ళు?"

"కుళాయి కిటికీ ఇవతల ఉంది, గ్లాసు అవతల గొలుసుకు కట్టి ఉంది."

ఆయన చుట్టూ చూశాడు. మొదటిసారి పరీక్షగా చూశాడు. మోకాళ్ళ ఎత్తున ఉన్న కిటికీ, దానికి వంగి వంగి అరిగిపోయిన గోడ, స్తంభం చుట్టూ తిరిగి మళ్ళీ తనలోనే కలిసే లైను తాడు, ఒకదాని మీద ఒకటి అతికించిన నిబంధనల కాగితాలు.

"ఇదంతా ఎవరు చేశారమ్మా?" అన్నాడు నీరసంగా.

అప్పుడు పెళ్ళికూతురి ముఖం వెలిగింది. టూత్‌బ్రష్‌లు గుర్తొచ్చినప్పటి వెలుగే, ఇంకాస్త ఎక్కువ.

"ఎవరూ చేయలేదు బాబాయ్ గారూ. ఇది ఒకప్పుడు సామాన్ల గది. ఒకాయన కిటికీ కొట్టించాడు. తర్వాతాయన నేల ఎత్తు చేయించాడు, కిటికీ కిందికి పోయింది. ఇంకొకాయన వచ్చి ఆ కిటికీ కోసం ఒక నిబంధన రాశాడు, దాన్ని చూసి పక్కవాళ్ళు నకలు తీసుకున్నారు, తీసేటప్పుడు ఒక ముక్క తప్పు రాశారు, ఆ తప్పే బాగా పనిచేసిందని ఉంచేశారు. పనిచెయ్యనివి కూడా తీసేవాడు లేక ఉండిపోయాయి. ఎవరూ మొత్తం చూడలేదు. అయినా పని జరుగుతోంది." ముఖం మామూలుగా పెట్టి అడిగింది. "లేదంటారా? ఇంత చిక్కుగా ఉందంటే, దీని వెనక ఎవరో ఒక తెలివైన రూపకర్త ఉండే ఉంటాడంటారా?"

"ఛ ఛ!" అన్నాడు కార్యదర్శి. మనసు లోతుల్లోంచి వచ్చింది. "దీని వెనకా? తెలివా? పాపం ఒక్కొక్కరికీ విడివిడిగా ఉండే ఉంటుంది తల్లీ. మొత్తానికి మాత్రం లేదు. ప్రమాణం చేసి చెబుతా."

"అంటే, చిక్కైనదంతా తెలివైనవాడే చేసి ఉండాలన్న మాట..."

ఆయన బీరువా వైపు చూశాడు, సగం తలుపు వైపు చూశాడు. నిజాయితీపరుడు, మజ్జిగ తాగిన మనిషి. అబద్ధం ఆడలేకపోయాడు.

"చివరి గడి ఇటివ్వు," అన్నాడు.

చక్కటి అక్షరాలతో రాశాడు: ఇంత చిక్కైన ఏర్పాటు ఏ రూపకర్తా లేకుండా ఏర్పడగలదని కంటితో చూస్తే నా సిద్ధాంతం తప్పని ఒప్పుకుంటాను. ఈ కార్యాలయాన్ని చూశాను. దీని ఏర్పాటులో తెలివి ప్రమేయం ఎంతమాత్రమూ లేదని ధ్రువీకరిస్తున్నాను. కింద సంతకం, హోదా, తేదీ.

ఆమె ఫైలు పట్టుకుని పరుగు తీసింది (సగం తలుపులోంచి పక్కకు తిరిగి). చివరి గడి నిండినందున సిద్ధాంతం నిబంధనల ప్రకారం శాస్త్రమైంది. నింపిన మాటల వల్ల అదే నిమిషంలో తప్పయింది. సూపరింటెండెంటు మొదటి ముద్ర ఆరకముందే రెండోది వేశాడు. ఫైలు పెద్ద బీరువాలో, టైలరమ్మ చీమల పక్కన, సగౌరవంగా చేరింది. బల్ల మళ్ళీ అద్దమైంది.

మెట్ల దగ్గర కార్యదర్శి ఆగాడు. "రెండో కిటికీ సోమవారం తెరుస్తారా తల్లీ?"

"తొమ్మిదింటికి బాబాయ్ గారూ. ఏమీ అడగరు."

"అదే మేలు. ఆ ఫిర్యాదుల స్టూలుకన్నా నయం. అసలు మీ అత్తగారి మాట ముందే వినాల్సింది," అన్నాడు, చొక్కా సర్దుకుంటూ. దిగే ముందు జేబులోంచి చాక్లెట్టు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కిందకు వెళ్ళి దాన్ని సగం విరిచింది. పళ్ళ డాక్టరు, పళ్ళు పాడవుతాయని చెప్పి, పెద్ద ముక్క తీసుకున్నాడు. రైలు అందింది.

కొండ మీంచి తిరిగొచ్చిన రోజు ఆమె మెట్లెక్కుతుంటే గుమ్మం పైన కొత్తగా బంగారు రంగు ఫ్రేము కనిపించింది. అద్దం వెనక చక్కటి అక్షరాలు. ఈ కార్యాలయాన్ని చూశాను. దీని ఏర్పాటులో తెలివి ప్రమేయం ఎంతమాత్రమూ లేదని ధ్రువీకరిస్తున్నాను. చివరి గడిలోంచి ఆ రెండు వాక్యాల వరకే కత్తిరించి, పూలదండ కూడా వేశారు. సూపరింటెండెంటు దూరం నుంచి ఫ్రేము వంకర చూసుకుంటున్నాడు.

"ఇదేంటి సార్?"

"ఇన్నేళ్ళుగా అందరికీ సర్టిఫికెట్లు ఇవ్వడమే కానీ, మనకంటూ ఒకరు రాసిచ్చింది ఇదే మొదటిదమ్మా," అన్నాడు ఆయన, కళ్ళు తుడుచుకుంటూ.