ఇద్దరు ఓనర్ల మధ్యగది

పద్మకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: ఇంటి ఓనర్లిద్దరూ ఎప్పుడైనా కలిసిపోతారేమోనని.

నాంపల్లిలోని ఆ ఇంటిని ఇప్పటి ఓనర్లు వామన్‌రావు, రాజనర్సుల తాతలు కలిసి కొన్నారు. అప్పట్లో ఆ తాతలిద్దరూ బల్దియాలో, అంటే మున్సిపాలిటీలో, మెంబర్లు, ఒకే జట్టు. వీధిదీపం ఎవరి గుమ్మం ముందు వెయ్యాలన్న దగ్గర జట్టు చీలింది. మనవళ్లకు జుట్టు నెరిసినా ఇంకా మాటల్లేవు. చెరో పక్క వాళ్లు, మధ్యగదిలో కిరాయికి పద్మ. ఒకాయన ఖాళీ చెయ్యమంటే, అందుకే రెండో ఆయన ఉండమనేవాడు. ఆ పోరు చలవతోనే పద్మ కూతురు ఉజ్వల ఒకటో తరగతి సాగుతోంది.

ఆ ఆదివారం ఉదయం ఉజ్వలకు తలంటుదామని పద్మ కుంకుడుకాయలు నానబెట్టింది. ఈలోగా ఉజ్వల బంతి తగిలి వామన్‌రావు వరండాలోని బల్దియా గ్రూప్ ఫోటో అద్దం పగిలింది. ఆ ఫోటోలో రాజనర్సు తాత మీద నల్లకాగితం అంటించి ఉంటుంది. వామన్‌రావు కోఠి నుంచి వచ్చేలోపు అద్దం మార్పించాలని, ఫోటో చంకన పెట్టుకుని, పిల్లను ఈడ్చుకుంటూ ఆబిడ్స్‌కు పరుగెత్తింది.

అక్కడి ఫోటో స్టూడియో అతను అద్దం వేసి, నల్లకాగితం కూడా గీకేశాడు.

"ఏంది భయ్యా గిది! గా కాగితం ఎవరు తియ్యమన్నరు?"

"మరక అనుకున్న అక్కా. ఫ్రీగనే సాఫ్ చేసిన."

ఇంటి మెట్ల మీదే రాజనర్సు ఎదురయ్యాడు. ఫోటో చూసి నిలబడిపోయాడు. వెనకే ఆటో దిగిన వామన్‌రావూ చూశాడు. కాగితం కింద దాగింది ముఖం ఒక్కటే కాదు. రాజనర్సు తాత చెయ్యి వామన్‌రావు తాత భుజం మీద ఉంది.

"ఎంత దోస్తీ ఉండెనో సూడు, రాజన్నా!"

ఇద్దరూ కౌగిలించుకుని ఏడ్చారు. పద్మ చాయ్ పెట్టి ఇచ్చింది. ఆ చాయ్ తాగుతూనే తీర్మానం చేశారు.

"అడ్డుగోడలు తీసేద్దం. మధ్యగది మనిద్దరికీ కూసొని ముచ్చట్లు పెట్టే బైఠక్. పద్మా, జర జల్ది ఖాళీ చెయ్యి బిడ్డా."

పద్మకు ఒళ్లు మండిపోయింది.

"మిమ్మల్ని కలిపింది నేను, చాయ్ పోసింది నేను, బయటికి పోవాల్సింది గూడ నేనేనా అంకుల్? బడి నడుమ పిల్లనేసుకొని ఏడికి పోవాలె?"

"గవన్నీ మాకు తెల్వదు. ఇద్దరం ఒక్కమాట మీదున్నం."

పద్మ విసురుగా వెళ్లి తాళంచెవి తెచ్చింది.

"సరే! పోయేనాడు గిది ఎవరి చేతుల పెట్టాలె?"

రెండు చేతులు ఒకేసారి ముందుకొచ్చాయి.

"నాకియ్యి. ముందుగాల మెంబరైంది మా తాత!" అన్నాడు వామన్‌రావు.

"మెంబరా? వీధిదీపం ఎత్కపోయిన ఖాన్‌దాన్ మీది!"

మధ్యాహ్నానికల్లా కొత్త నల్లకాగితం ఫోటో మీదికి, తాళంచెవి పద్మ కొంగు ముడిలోకి చేరాయి.

మీరెప్పుడైనా నాంపల్లి వైపు వెళ్తే ఆ ఇద్దరినీ ఒకసారి చూసి రండి. మాట్లాడుకుంటూ కనిపిస్తే మాత్రం పద్మకు వెంటనే కబురు చెయ్యండి.