గరికమ్మ వేసిన ముడి

ఒక పెద్ద అడవిలో, వాగు మీదికి వంగిన తుమ్మచెట్టు మీద, గిజిగాళ్ల అల్లిక సంఘం ఉండేది. సంఘంలో చేరడానికి అర్హత ఒక్కటే, తల పసుపుపచ్చగా ఉండాలి. ఆ రంగు మగ గిజిగాళ్లకే వస్తుంది. కాబట్టి ఆడవాళ్లు రాకూడదని విడిగా రాసే శ్రమ ఎవరూ తీసుకోలేదు.

గూడు అల్లేది మగవాడు. ఆడది వచ్చి ముక్కుతో లాగి, లోపల దూరి చూసి, నచ్చితే కాపురానికి ఉంటుంది, లేకపోతే ఎగిరిపోతుంది. అది ఆ జాతి ఆచారం.

గరికమ్మ ఆ ఏడు పదకొండు గూళ్లు చూసింది. ఒకదానికి ముడి వదులు, ఇంకోదానికి వాకిలి ఎదురుగాలికి ఉంది. పన్నెండోదానికీ వంక పెట్టేసరికి ఆ గూటివాడికి ఒళ్లు మండింది.

"అంత వంకలు పెట్టేదానివి నువ్వే అల్లుకోరాదూ?" అన్నాడు.

"అల్లుకుంటాను," అంది గరికమ్మ.

వానలు ఇంకో పక్షం రోజుల్లో ఉన్నాయి. ఆలోగా గుడ్లకు చోటు కావాలి. గడ్డిపోచలు చీల్చుకొచ్చి మొదలుపెట్టింది. మొదటి ముడి ఏడుసార్లు జారింది. ఎనిమిదోసారి నిలిచింది. పుట్టినప్పటి నుంచీ తప్పులు పట్టిన ముక్కు కదా, తప్పు ఎక్కడెక్కడ వస్తుందో దానికి బాగా తెలుసు.

గూడు సగమయ్యేసరికి సంఘం అధ్యక్షుడు తాళభూషణానికి కబురు అందింది.

"మన జాతి పేరు చివర ఏముంది? గాడు! ఇది గాళ్లు చేసే పని!" అని మండిపడ్డాడు.

"చిత్తం," అంది సంఘం గుమాస్తా ఊసరవెల్లి, తలదాకా పసుపురంగుకు మారి. "పీకించేద్దామా?"

"వద్దు. కక్షగట్టామంటారు. పరీక్ష పెడదాం. పదిమంది సభ్యులు ఒకేసారి వేలాడి ఊగాలి. తట్టుకోని గూడు చెట్టు మీద ఉండకూడదు. ప్రతి గూటికీ ఇదే నియమం అని రాయి. న్యాయంగా కనబడుతుంది."

పరీక్ష రోజున గరికమ్మ ప్రతి ముడినీ మరోసారి లాగి చూసుకుంది. ఈ గూడు పడిపోతే ఇంకోటి అల్లే వ్యవధి లేదు. పదిమంది వేలాడారు, ఊగారు, కొందరు కుప్పిగంతులు కూడా వేశారు. ఇద్దరు పట్టు తప్పి వాగులో పడ్డారు. గూడు మాత్రం ఉన్నచోటే ఉంది.

"వెనక ఎవడో మగాడు సాయం చేసుంటాడు," అని ఒకడు తడిసిన రెక్కలు విదిలించుకుంటూ గొణిగాడు.

గరికమ్మ వినయంగా అడిగింది, "అధ్యక్షులవారూ, ప్రతి గూటికీ అని రాయించారు కదా. తమరి గూడు ఎప్పుడు?"

"అవును మరి! ఎప్పుడు?" అన్నారు చెట్టు మీది ఆడవాళ్లంతా. ఊసరవెల్లి మెల్లగా ఆకుపచ్చకు మారింది.

భూషణం గూటికి అయిదోవాడు వేలాడగానే అది వాగులోకి జారింది. "కొమ్మ మంచిది కాదు," అన్నాడు భూషణం. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. సాయంత్రానికి నలభై గూళ్లలో మూడు మిగిలాయి, గరికమ్మది కాక. పైన మేఘం ఉరిమింది.

"వదినా, ఆ మొదటి ముడి ఎలా వేశావో మాకూ చూపించవూ?" అని ఆడవాళ్లు గరికమ్మ చుట్టూ చేరారు. ముడి తర్వాత ముడి చూపించింది. మరుసటి ఏడు చెట్టు మీద సగం గూళ్లు ఆడవాళ్లు అల్లినవే. ఒక్కటీ రాలలేదు.

సంఘం అత్యవసరంగా సమావేశమై తీర్మానం చేసింది. భూషణమే గొంతు సవరించుకుని చదివాడు.

"అల్లిక పెద్ద నేర్పు అక్కర్లేని పని. ఆడవాళ్లు తీరిక వేళల్లో చేసుకోవచ్చు. అసలు కష్టమంతా గూళ్లకు వంకలు పెట్టడంలో ఉంది. ఇకమీదట ఆ విద్య పసుపు తలలవారికే పరిమితం."

"చిత్తం," అంది ఊసరవెల్లి, మళ్లీ పసుపై.

గరికమ్మకు నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. కానీ ముక్కున గడ్డిపోచ ఉంది. ముడి బిగించాకే నోరు తెరిచింది.

"అలాగే, అయ్యా. మీ సభ మీదికి వానొస్తోంది. లోపలికి రండి."

నీతి: ఏ పనైనా ఆడవాళ్ల చేతికి వచ్చేదాకే గొప్ప విద్య.