మూడు పూటలు చూసి కుదిర్చిన పియానో మాస్టారు

ఆదివారం పొద్దున్నే వీరరాఘవయ్య పెట్టుకున్న పని ఒక్కటే. మనవరాలు నీహారికకి పియానో మాస్టార్ని కుదర్చాలి. మేనత్త కొనిచ్చిన పియానో రెండు నెలలుగా హాల్లో దుప్పటి కప్పుకుని ఉంది. స్కూలు వార్షికోత్సవం ఇంకా నెలే ఉంది. స్టేజీ మీద వాయిస్తానని ఆ పిల్ల పేరు కూడా ఇచ్చేసింది.

ఫోన్‌లో నేర్పే మాస్టారు ఒకాయన ఉన్నాడు. "ఫోన్‌లోంచి చెవి ఎట్టా మెలేస్తాడు?" అని వీరరాఘవయ్య ఆయన్ని కొట్టేశాడు. ఇక తిరువూరులో మిగిలింది స్టీఫెన్ మాస్టారు.

"పోనీ ఆయనకే ఫోన్ చేసి రమ్మంటే అయిపోద్దిగా తాతయ్యా," అంది నీహారిక.

"గేదెను ఫోన్‌లో బేరం చేస్తామా అమ్మా?"

తిరువూరు రాకముందు, సొంతూరు వినగడపలో ఉన్నన్నాళ్లూ గేదెల బేరంలో ఆయన ఒక్కసారి కూడా మోసపోలేదు. మూడు పూటలు వెళ్లి పాలు తీస్తుంటే చూడాలి. చుట్టుపక్కల వాకబు చెయ్యాలి. మనసులో మాట మాత్రం బయటపెట్టకూడదు. అదీ ఆయన పద్ధతి.

మాస్టారు అద్దెకుంటున్న ఇంటికి ఎదురుగా చాంద్‌బాషా టీ కొట్టు ఉంది. వీరరాఘవయ్య బల్ల మీద కూర్చుని ఆ ఇంటివైపే చూశాడు. పియానో వినబడుతోంది గానీ, పిల్లల్ని తిట్టిన చప్పుడు లేదు.

"ఆ ఇంట్లో వాళ్లు ఎన్నేళ్లుగా ఉంటున్నారు బాబూ?"

"తొమ్మిదేళ్లండి. మీదే ఊరండి?"

"వినగడప. గొడవలేమన్నా ఉన్నాయా?"

"ఏమీ లేవండి. ఎందుకండి?"

"ఊరికే."

ఊరికే అన్న మనిషి సాయంత్రం మళ్లీ వచ్చాడు. ఈసారి మాస్టారింటి కిటికీ పక్కన గోడకి చెవి ఆనించి, పాటకి తగ్గట్టు వేళ్లతో తాళం వేశాడు. కొట్లోంచి చూసిన చాంద్‌బాషాకి, గోడ గట్టిదా కాదా అని తట్టి చూస్తున్నట్టు కనబడింది. కబురు ఇంటి ఓనరు సుబ్బాయమ్మకి చేరింది. ఆవిడ నాలుగేళ్లుగా ఆ ఇల్లు అమ్మాలని చూస్తోంది.

"గోడ తట్టాడా?"

"రెండు చోట్ల తట్టాడమ్మా. గొడవలున్నాయా అని కూడా అడిగాడు."

"అయితే కొనేవాడే."

సోమవారం పొద్దున మూడో పూట. సుబ్బాయమ్మ దగ్గరుండి ఆయనకి అల్లం టీ ఇప్పించింది. "మాట్లాడ్డానికి ఎప్పుడొస్తారండి?" అంది. ఎవరో మాస్టారి తాలూకు మనిషి అనుకున్నాడు వీరరాఘవయ్య. "బుధవారం మంచిది. పళ్లు తీసుకుని వస్తానమ్మా," అన్నాడు. ఆవిడ అటునుంచి అటే వెళ్లి, బుధవారానికల్లా ఇల్లు ఖాళీ చెయ్యమని మాస్టారికి చెప్పేసింది.

బుధవారం తాతా మనవరాలూ అరటిపళ్లు పట్టుకుని ఆటో దిగేసరికి, పియానో ట్రాలీ మీద ఉంది. స్టీఫెన్ మాస్టారు తాడు కడుతున్నాడు.

"ఎక్కడికి మాస్టారూ?"

"విజయవాడ, మా అమ్మాయి దగ్గరికండి. ఎవరో వినగడప పెద్దాయన ఈ ఇల్లు కొంటున్నాడంట. మూడు పూటలు వచ్చి గోడలు కూడా తట్టి చూసుకున్నాడంట."

నీహారిక తాతయ్య వైపు చూసింది. తాతయ్య అరటిపళ్ల వైపు చూశాడు.

"నువ్వేనా తాతయ్యా?" అంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన నిజం చెప్పేశాడు. అప్పుడే వచ్చిన సుబ్బాయమ్మ అదంతా వింది.

"కొనేవాడివి కాకపోతే గోడెందుకు తట్టావయ్యా?"

"తాళం వేశానమ్మా."

ఆవిడ మాస్టారి వైపు తిరిగి, "సరే మాస్టారూ, సామాను దింపుకోండి," అంది.

"రెండు రోజుల్లో పొమ్మన్న ఇంట్లో మళ్లీ దిగనండి," అన్నాడు మాస్టారు నెమ్మదిగా.

ట్రాలీ బయలుదేరబోయింది. వీరరాఘవయ్య అరటిపళ్లతో సహా డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాడు. "బండి మా ఇంటికి పోనియ్యి బాబూ. మేడ మీద రెండు గదులు ఖాళీగా ఉన్నాయి."

మాస్టారు ఆయన్ని కిందా మీదా చూశాడు. "నన్ను ఎన్ని పూటలు చూశారు?"

"మూడు."

"అయితే నేనూ మీ ఇల్లు మూడు పూటలు చూస్తాను. నచ్చితే ఉంటాను."

ఇల్లు నచ్చింది. వార్షికోత్సవంలో నీహారిక ఎక్కడా తడబడకుండా వాయించింది. ముందు వరుసలో వీరరాఘవయ్య, ఈసారి గోడ లేదు గనక, తన మోకాలి మీదే తాళం వేసుకున్నాడు. నీహారిక వాయించింది చూసి గంపలగూడెం నుంచి, పెనుగొలను నుంచి పిల్లలు రావడం మొదలుపెట్టారు. ఇప్పుడు పొద్దున ఐదింటి నుంచే ఆయన మంచానికి సరిగ్గా పైన పదకొండు మంది పిల్లలు ఒకరి తర్వాత ఒకరు అదే పాఠం తప్పుగా వాయిస్తున్నారు.

వీరరాఘవయ్య మళ్లీ చాంద్‌బాషా కొట్లోనే కూర్చుంటున్నాడు. ఎదురుగా ఖాళీగా ఉన్న ఆ ఇల్లు తనకి అద్దెకిస్తారేమోనని, ఈసారి నిజంగానే వాకబు చేస్తున్నాడు.