కత్తి చివర కుంకుమ

ఆయుధపూజ నాటికి కన్యక వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి లేవాలి, రెండు ఇడ్లీలు తినాలి, ఏడున్నరకు రిక్షా ఎక్కాలి, ఎనిమిదింటికి ఎగ్మూరు వ్యాయామశాలలో ఉండాలి. ఆ పూట కత్తిపోటీ ఫైనల్. గెలిచిన అమ్మాయి బొంబాయి పోటీకి పోతుంది. కిందటేడు, 1955లో, ఆమె ఒక్క పోటు తేడాతో పుష్పవల్లి చేతిలో ఓడిపోయింది; ఈ ఏడూ ఎదురు నిలిచేది ఆమే. ఆ ఒక్క పోటు కోసం ఏడాది పొడుగునా చూలైలోని ఇంటి మిద్దె మీద గోడకు కట్టిన దిండ్లను పొడిచింది. మూడు దిండ్లు చిరిగాయి.

లేవడం, ఇడ్లీలు అనుకున్నట్టే జరిగాయి. కత్తి మాత్రం మూలలో లేదు. తండ్రి సుత్తులకూ రంపాలకూ మధ్య దేవుడి ముందు ఉంది. గుచ్చుకోకుండా దాని చివర ఉండే బొడిపెకు నూనెతో కలిపిన కుంకుమ దట్టంగా పెట్టి ఉంది.

"అవ్వా, నా కత్తి ఆడెందుకు పెట్టినావు?"

"అది ఆయుధం కాదా?" అంది గోవిందమ్మ. "పూజలో పెట్టింది రేపు పొద్దునదాకా తీయకూడదు మే."

"ఈ పొద్దే ఫైనల్ అవ్వా. రేపు తీసి ఏం చేసేది, వంకాయలు తరిగేదా?"

అరగంట వాదన తర్వాత గోవిందమ్మ రెండు షరతుల మీద దిగివచ్చింది. కుంకుమ తుడవకూడదు. దేవుడి దగ్గర పెట్టిన వస్తువును ఒంటరిగా పంపదు కాబట్టి, తనూ వస్తుంది.

వీధి మొదట్లో చెంగల్రాయుడు రిక్షాకు చామంతి దండ వేసి, పక్కనే చాప మీద పడుకుని ఉన్నాడు.

"ఈ పొద్దు బండికి లీవు పాపా," అన్నాడు కళ్ళు తెరవకుండా. "నాక్కూడా."

కన్యక కత్తి భుజాన వేసుకుని నడక మొదలుపెట్టింది. దారిలో ప్రతి దుకాణంలోనూ పూజే. పిలిచిన ప్రతి చోటా గోవిందమ్మ ఆగి హారతి అద్దుకుంది. వాళ్ళు వ్యాయామశాల చేరేసరికి తొమ్మిదయింది. అవ్వ చేతిలో ఐదు బొరుగుల పొట్లాలున్నాయి.

అదృష్టం ఏమిటంటే న్యాయనిర్ణేతలూ ఆలస్యమే. పోటు తగిలిందో లేదో చూడడానికి నలుగురు కావాలి. ఇద్దరే వచ్చారు, మిగిలిన ఇద్దరూ వాళ్ళ దుకాణాల్లో పూజలో ఉన్నారు. మధ్యవర్తి కోదండరాం గారు ఉన్నవాళ్ళతోనే మొదలుపెట్టించారు. ముందు నాలుగు పోట్లు పొడిచినవాళ్ళది గెలుపు.

కన్యక మొదటి పోటుకే పుష్పవల్లి తెల్లకోటు మీద ఎర్రటి చుక్క పడింది.

"ఇదేంది సార్, రంగు పూసుకొని వచ్చింది?" అంది పుష్పవల్లి.

కోదండరాం గారు చుక్కను దగ్గరగా చూసి సంతోషించారు. ఇద్దరు మనుషుల కంటే అదే నమ్మకంగా కనబడింది ఆయనకు. "ఆ కత్తికి కూడా పెట్టండమ్మా," అన్నారు. గోవిందమ్మ వెంట తెచ్చిన కుంకుమ భరిణెతో బరిలోకి దిగింది. పుష్పవల్లి కత్తికి పెట్టింది, న్యాయనిర్ణేతల నుదుట పెట్టింది, గంటకూ పెట్టింది. భరిణె ఖాళీ అయింది.

ఇక పాత చుక్క తుడిస్తేనే కదా కొత్తది తెలిసేది. కోదండరాం గారు రుమాలు తీశారు.

"ఆడపిల్ల ఒంటి మీద బొట్టు తుడుస్తావా నాయనా?" అంది గోవిందమ్మ.

"ఆమె చెప్పేది సరే," అంది పుష్పవల్లి తల్లి పంకజం కుర్చీలోంచి లేచి. అంతవరకు ఆమె గోవిందమ్మను కన్నెత్తి చూడలేదు. కోదండరాం గారు రుమాలు జేబులో పెట్టుకున్నారు. ఇక ఎవరి కోటు మీద ఎన్ని చుక్కలో లెక్కపెట్టుకోవడమే.

ఆట ముగిసేసరికి పలక మీద కన్యకకు నాలుగు, పుష్పవల్లికి మూడు. గోవిందమ్మ బొరుగులు పంచసాగింది.

కన్యక ముఖకవచం తీసి, కోటు గుండీలు విప్పబోయి ఆగిపోయింది. ఎడమ చంక కింద ఒక చుక్క ఉంది. అక్కడ పోటు తగిలినట్టు ఆమెకే తెలియదు. పంకజం ఎదురుగా నిలబడి ఆమె కోటు మీది చుక్కలు లెక్కపెడుతోంది. మూడు దగ్గరే ఆగింది. చేయి దించుకుంటే చాలు, బొంబాయి.

కన్యక చేయి ఎత్తింది. "ఈడ ఇంకోటి ఉంది సార్."

"ఎవరడిగినారు మే నిన్ను?" అంది గోవిందమ్మ.

కోదండరాం గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "నాలుగూ నాలుగు. ఇద్దరూ గెలిచినట్టు రాసేదా?"

"వద్దు సార్. సగం గెలుపు నాకొద్దు. ఇంకొక్క పోటు ఆడిపిస్తారా?"

అప్పటికి కుంకుమ అరిగిపోయి రెండు కత్తుల చివరలూ తెల్లబడ్డాయి. కన్యక రెండడుగులు వెనక్కి వేసి, మూడో అడుగులో ముందుకు దూకింది. కత్తి వంగింది. ఒక న్యాయనిర్ణేత తగిలిందన్నాడు. ఇంకొకాయన లేదన్నాడు. పుష్పవల్లి కోటు మీద కొత్త చుక్క లేదు. కోదండరాం గారు రెండు వైపులా చూశారు.

పుష్పవల్లి ముఖకవచం తీసింది. "తగిలింది సార్."

"నువ్వెందుకు చెప్తా ఉండావు?" అంది పంకజం.

"తగిలింది నాకు కదమ్మా," అని పుష్పవల్లి ఎడమచేత్తో పక్కటెముక రుద్దుకుంది. తర్వాత కుడిచేయి కన్యకకు చాచింది. "బొంబాయిలో ఆ చంక కింద జాగ్రత్త. ఆడ ఎవరూ దాన్ని చూడకుండా వదలరు."

మరుసటి వారం కత్తిపోటీ సంఘంవారు ఒక కొత్త నియమం అచ్చు వేయించి పంచారు: పోటీకి వచ్చే అవ్వలు ప్రేక్షకుల కుర్చీల్లోనే కూర్చోవలెను.